కుక్కకి బుద్ధి చెప్పేకన్నా గూటికి గడియ పెట్టడం తేలిక

ప్రశ్న: మాది తెనాలి శివారు. సొంత ఇల్లు, వెనక నాలుగు సెంట్ల పెరడు. రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగ, కరివేపాకు, కాస్త తోటకూర, పుదీనా ఉన్నాయి. ఇంట్లో మావారు, అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే బాబు, నేను. వీళ్ళు కాక బంటి, రాణి. బంటి 11 నెలల లాబ్రడార్. రాణి ఎక్కణ్ణుంచో వచ్చి మా ఇంట్లోనే మకాం పెట్టిన పిల్లి. బంటి ఇప్పటికి ఏడు చెప్పులు కొరికేశాడు, అన్నీ వేరువేరు జతల్లోవే. తీగ మీద ఎన్ని బట్టలున్నా మా అత్తగారి చీరే లాగుతాడు. రాణి వంటింటి గట్టెక్కి స్టీలు గ్లాసులు ఒక్కొక్కటే కిందికి తోస్తుంది, తోసి నా మొహం చూస్తుంది. ఇవి చాలనట్టు మావారు పది నాటుకోళ్ళు తెస్తానంటున్నారు. యూట్యూబ్‌లో చూసి గూడు బొమ్మ కూడా గీశారు. పోయిన నెల పక్కింటివాళ్ళ పెట్ట గోడ దూకి మా పెరట్లోకి వస్తే బంటి నోట కరుచుకుని తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. అది బతికింది గానీ పక్కింటావిడ ఇప్పటికీ మాట్లాడ్డం లేదు. అత్తగారేమో కోళ్ళు కావాల్సిందే అంటున్నారు. పైగా పుంజు లేకపోతే పెట్టలు గుడ్లే పెట్టవంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. వద్దని చెప్పనా, ఒప్పుకోనా?
ఒక గృహిణి, తెనాలి

సమాధానం: వద్దని చెప్పకండి. నాలుగు సెంట్ల పెరడు, మునగచెట్టు నీడ, కోళ్ళంటే సరదా పడే అత్తగారు ఉన్న ఇంట్లో కోళ్ళు వద్దనడానికి నాకేమీ కారణం కనపడలేదు. అలాగని వెంటనే సరేననకండి. మీ ఉత్తరంలో బంటి గురించి ఉంది, రాణి గురించి ఉంది, మీవారు గీసిన బొమ్మ గురించి ఉంది. పొద్దున్నే లేచి గూడు తలుపు తీసేదెవరో, వారానికోసారి పెంట ఎత్తేదెవరో మాత్రం ఎక్కడా లేదు. ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో మీకు ముందే తెలుసు కాబట్టే రాయలేదని నాకనిపించింది. మీ టెన్షన్‌లో సగం బంటి వల్ల కాదు, దీనివల్ల.

అందుకని మీవారికి ఒక షరతు పెట్టండి. కోళ్ళు రావడానికి ముందు నెల రోజులు, పొద్దున్న ఐదున్నరకల్లా లేచి బంటిని ఆయనే బయటికి తీసుకెళ్ళి తిప్పాలి. వాన పడినా సరే, ముందురోజు రాత్రి పెళ్ళికి వెళ్ళొచ్చినా సరే. కోళ్ళకి ఆదివారాలు, పండగ సెలవులు తెలియవు. వెలుగు రాగానే పడుకునే కర్ర దిగి తలుపు దగ్గర నిలబడతాయి. ఇరుకు గూట్లో పొద్దెక్కేదాకా ఉంచేస్తే ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలెడతాయి. నెల రోజులు ఆయన లేచారంటే గూడు కట్టించండి. లేవలేదంటే పోట్లాట కూడా అక్కర్లేదు, ఆ సంగతి ఆయనకే అర్థమవుతుంది.

ఈ షరతులో మీకు ఇంకో లాభం ఉంది. బంటి అల్లరికి మొదటి మందు అదే. 11 నెలల లాబ్రడార్ అంటే ఒంట్లో బలం పూర్తిగా వచ్చి బుద్ధి ఇంకా రాని వయసు. పెరట్లో వదిలేస్తే వాడే తిరుగుతాడులే అనుకుంటారు చాలామంది. తిరగడు. రోజూ చూసే పెరట్లో వాడికి కొత్త ఏముంటుంది? గుమ్మం దగ్గర పడుకుని మీరెప్పుడు వస్తారా అని చూస్తాడు, రాకపోతే చెప్పు తీసుకుంటాడు. పొద్దున్న ముప్పావుగంట నడక, సాయంత్రం బంతి విసిరి తెప్పించే ఆట, దారిలో ఆగి వాసనలు చూసుకోనివ్వడం, ఇవి ఉంటే ఇంట్లో నష్టం తగ్గుతుంది. అన్నం గిన్నెలో పెట్టి రెండు నిమిషాల్లో నాకించేసే బదులు, అప్పుడప్పుడు పాత తువ్వాల్లో గింజల్లా ఉండే డాగ్ ఫుడ్ చుట్టి ఇవ్వండి. విప్పుకుని వెతుక్కుని తినడానికి అరగంట పడుతుంది. కొరకడానికి గట్టి రబ్బరు బొమ్మ ఒకటి కొనండి. చెప్పులకి తలుపున్న స్టాండు, బట్టలకి డాబా మీద తీగ. ఇంతకంటే పెద్ద చిట్కా నా దగ్గర లేదు. మీరు బజారు నుంచి వచ్చి కొరికిన చెప్పు చూపించి తిడితే వాడికి అర్థమయ్యేది ఒక్కటే, మీరు ఇంటికి వచ్చినప్పుడల్లా కోపంగా ఉంటారని.

అత్తగారి చీరలే ఎందుకు లాగుతాడంటే, నా అనుమానం చెప్తాను, ఆవిడతో అనకండి. వంటింట్లో మీకు కనపడకుండా వాడికి పెరుగన్నం పెట్టే చెయ్యి ఆవిడదే అయ్యుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఆ పక్కింటి పెట్ట. వేటలో తుపాకీ దెబ్బకి పడిన పక్షిని నలగకుండా నోట కరుచుకుని యజమాని దగ్గరికి తెచ్చే పనికే లాబ్రడార్లని తరతరాలుగా పెంచారు. బంటి ఆ పెట్టని చంపలేదు, పీక్కుతినలేదు, తెచ్చి మీ కాళ్ళ దగ్గర పెట్టాడు. వాడి లెక్కలో అది తప్పు కాదు, డ్యూటీ. చెప్పు మొయ్యడం, చీర మొయ్యడం, కోడిని మొయ్యడం వాడికి ఒకటే.

ఇది విని ధైర్యపడకండి. నలగకుండా పట్టుకున్నాడనుకున్నా ఈకల కింద పంటి గాటు పడొచ్చు, అది మూడో రోజుకి చీము పడితే గానీ మనకి కనపడదు. గాయమేమీ లేకుండా భయానికే చచ్చిపోయే కోళ్ళూ ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, రెక్కలు టపటప కొట్టుకుంటూ పరిగెత్తే కోడిని మించిన ఆటబొమ్మ కుక్కకి లేదు. నాలుగైదుసార్లు ఆ ఆట ఆడాడంటే తర్వాత మాన్పించడం మీ తరం కాదు. అందుకని మొదటి రోజు నుంచే వాడికి ఆ అవకాశం దొరక్కుండా చూడాలి.

కోళ్ళు వచ్చాక మొదటి వారం అవి జాలీ లోపలే ఉంటాయి, బంటి మీవారి చేతిలో పట్టీతో ఉంటాడు. గూటికి ఇరవై అడుగుల దూరంలో ఆగండి. వాడు కోళ్ళవైపు చూస్తాడు, చెవులు నిక్కబొడుస్తాడు, ఒళ్ళు బిగుస్తుంది. అప్పుడు "బంటీ" అని పిలవండి. తల తిప్పి మీవైపు చూశాడా, వెంటనే నోట్లో చిన్న ఉడికించిన చికెన్ ముక్క. చూడలేదంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారన్నమాట, పది అడుగులు వెనక్కి వెళ్ళండి. ఇలా పూటకి పది నిమిషాలు చాలు. కోడి కన్నా మీ వైపు చూడటమే లాభం అని వాడికి అర్థమవుతున్న కొద్దీ అడుగు అడుగు ముందుకి జరగండి. "వదిలెయ్" అన్న మాట ఇంట్లో బిస్కెట్‌తో నేర్పి పెట్టుకుంటే ఇక్కడ పనికొస్తుంది. నెలన్నరో రెండు నెలలో పోయాక గూటి పక్కనే పడుకుని కునుకు తీసే రోజు వస్తుంది. ఆ రోజు కూడా వాణ్ణి, కోళ్ళని ఒకే చోట వదిలేసి మీరు లోపలికి వెళ్ళొద్దు. కర్రతో కొడితే దారికొస్తాడని చెప్పేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు. కొడితే మీ ముందు చెయ్యడం మానేస్తాడు, అంతే. మీరు లేనప్పుడు ఎలాగూ కర్ర ఉండదు.

ఇదంతా చేయమని చెప్తూనే ఒక మాట అంటున్నాను. శిక్షణని నమ్ముకుని గూడు కట్టకండి. బంటి ఎప్పటికీ మారడు అనుకునే గూడు కట్టండి. వాడు మారితే సంతోషం.

మీవారు గీసిన బొమ్మ నేను చూడలేదు గానీ, యూట్యూబ్ గూళ్ళలో ఎక్కువగా కనపడే లోపం ఆ ఆరు మూలల సన్న తీగ జాలీ. దాన్ని కోళ్ళ జాలీ అనే అమ్ముతారు. అది కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కని బయట ఉంచలేదు. బంటి లాంటి ముప్పై కిలోల కుక్క రెండు కాళ్ళు మోపి ఊపితే ఊడి వచ్చేస్తుంది. అరంగుళం కన్నాలున్న వెల్డింగ్ జాలీ అడగండి. కాస్త ఖరీదు ఎక్కువే, ఇక్కడ మాత్రం బేరం చూసుకోకండి. అరంగుళం ఎందుకంటే మీ శత్రువు బంటి ఒక్కడే కాదు. తెనాలి చుట్టుపక్కల వరిచేల మధ్య ఇళ్ళకి పందికొక్కులు, ముంగిసలు, పాములు మామూలే. ముంగిస రెండంగుళాల సందులోంచి దూరుతుంది, దూరితే ఒక్కదానితో ఆగదు. పందికొక్కు పక్కనుంచి కాదు, కిందనుంచి వస్తుంది. అందుకని గూడు నేలకి రెండడుగుల ఎత్తులో, కాళ్ళ మీద నిలబడాలి. మీది కృష్ణా డెల్టా నల్లమట్టి కాబట్టి వానాకాలం నీళ్ళు నిలిచే బాధ కూడా దాంతో తప్పుతుంది. పగలు తిరగడానికి గూటి చుట్టూ ఆవరణ కడితే దాని జాలీని అడుగు లోతు పాతి, అడుగుభాగం బయటివైపుకి మడవండి. తవ్వేవాడు అంచు దగ్గరే తవ్వుతాడు, జాలీ తగులుతుంది, మానేస్తాడు. పైన కూడా జాలీగానీ వలగానీ ఉండాలి. గద్దలు, కాకులు ఉన్నాయి కదా.

నాలుగైదు కోళ్ళు రాత్రి పడుకోవడానికి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడుగు గూడు సరిపోతుంది. పైన రేకు ఒక్కటే వేస్తే ఏప్రిల్, మే నెలల్లో లోపల కోళ్ళు ఉడికిపోతాయి. రేకు మీద తాటాకు కప్పించండి, మునగ నీడకి జరపండి. లోపల పడుకోవడానికి రెండంగుళాల మందం కర్ర ఒకటి అడ్డంగా. గుడ్లకి పాత ప్లాస్టిక్ ట్రేలో ఎండుగడ్డి వేసి చీకటి మూలన పెట్టండి. నలుగురికీ ఒక్కటి చాలు, రెండు పెట్టినా అన్నీ ఒక్కదాంట్లోకే ఎగబడతాయి. అడుగున రెండు మూడంగుళాల మందాన వరి ఊక. మీ ఊళ్ళో మిల్లులకి కొదవ లేదు. వాసన ఎప్పుడూ తడి ఊక నుంచే వస్తుంది, పొడిగా ఉన్న గూడు వాసన రాదు. నీళ్ళ గిన్నె గూటి బయట పెడితే సగం సమస్య తీరుతుంది.

ఇక గడియ. తాడుతో కట్టడం, మేకు వంచి పెట్టడం, ఇటుక అడ్డు పెట్టడం వద్దు. తలుపులకి వాడే ఇనుప గడియ, దానికి చిన్న తాళం. రాణి లాంటి పిల్లి పంజాతో కొక్కెం ఎత్తగలదు, బంటి మూతితో తలుపు తోయగలడు. సాయంత్రం చీకటి పడేవేళకి కోళ్ళు వాటంతటవే గూడెక్కుతాయి, తరమాల్సిన పని లేదు. లెక్కపెట్టి గడియ వేయడం ఒక్కటే మన పని. ఆ పని మీ అబ్బాయికి అప్పగించండి. ఈ వయసు పిల్లలకి పని చెప్తే తప్పించుకుంటారు గానీ పూచీ అప్పగిస్తే చేస్తారు. తాళంచెవి వాడి దగ్గరే ఉంచండి.

పది కోళ్ళు వద్దు, నాలుగు చాలు. మీవారు వినరేమో గానీ లెక్క చెప్పి చూడండి. గుడ్లు పెట్టే కోడి రోజుకి 110 గ్రాముల దాకా మేత తింటుంది. నాలుగింటికి నెలకి 13 కిలోలు. పదింటికి 33. ఇంట్లో మిగిలిన అన్నం, నూకలు, తౌడు, తోటకూర కాడలు వేస్తే కొంత తగ్గుతుంది గానీ, ఉత్త అన్నం నూకల మీదే పెంచితే గుడ్లు తగ్గిపోతాయి, పెంకు పల్చబడుతుంది. ఆల్చిప్పల పొడి వేరుగా పెట్టాలి. గ్రామప్రియ రకం పెట్ట పెరట్లో బాగా చూసుకుంటే ఏడాదికి 150 పైన గుడ్లు పెడుతుంది. నాలుగు పెట్టలంటే వారానికి దాదాపు డజను, మీ నలుగురికి అది బోలెడు. పది కోళ్ళంటే గుడ్లు పంచిపెట్టడం కూడా ఒక ఉద్యోగమైపోతుంది. గుడ్ల ఖర్చు మిగులుతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. జాలీ ఖరీదుకి రెండేళ్ళు గుడ్లు కొనుక్కోవచ్చు. ఇది సరదా కోసం, ఇంటి గుడ్డు రుచి కోసం చేసే పని, అలా ఒప్పుకుని చేస్తే బాగుంటుంది.

అత్తగారు నాటుకోళ్ళే కావాలంటే రెండు నాటుపెట్టలు, రెండు గ్రామప్రియ తెచ్చుకోండి. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లే పెడుతుంది, పది పదిహేను పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. కానీ చురుకైనది, గద్ద నీడ పడితే చాలు దాక్కుంటుంది. గ్రామప్రియ, వనరాజా రకాలు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారైనవి. వనరాజా బరువు ఎక్కువ, గుడ్లు తక్కువ. మీకు గ్రామప్రియే నయం. మీ ఊరి పశువుల ఆసుపత్రిలో అడిగితే దగ్గర్లో ఎవరు పెంచి అమ్ముతున్నారో చెప్తారు. అసీల్ అనే పందెంకోళ్ళ జాతి జోలికి మీవారిని పోనివ్వకండి. డేగ అనీ నెమలి అనీ రంగుల పేర్లు మొదలయ్యాయంటే సంక్రాంతికి మీ గుమ్మం ముందు ఎవరెవరో వచ్చి నిలబడతారు.

ఒక్క రోజు వయసున్న కోడిపిల్లల్ని తేవద్దు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వేడి కావాలి, వారం వారం కాస్త తగ్గించుకుంటూ నెలదాకా బల్బు కింద పెంచాలి. రాణి ఉన్న ఇంట్లో ఆ నెల రోజులు మీకు నిద్ర ఉండదు. పైగా ఆడ, మగ తేల్చకుండా అమ్మే పిల్లల్లో సగం పుంజులే అవుతాయి. వీధిలో గంపల్లో తెచ్చి అమ్మే ఎరుపు, ఆకుపచ్చ రంగు పిల్లల్ని చూసి మీ అబ్బాయి ముచ్చట పడొచ్చు. అవి మామూలుగా గుడ్ల కోళ్ళ హేచరీలు అక్కర్లేదని తీసేసిన మగపిల్లలు, రంగునీళ్ళలో ముంచినవి. మూడు నెలలు దాటిన, టీకాలు వేసిన పెట్టల్నే కొనండి. దీపావళి దాటాక తెస్తే చలికాలమంతా అలవాటు పడటానికి టైముంటుంది, ఎండలు ముదిరేలోపు గుడ్లకొస్తాయి.

మూడు నెలల పెట్టల్ని తెమ్మనడానికి ఇంకో కారణం రాణి. ఎదిగిన పెట్టతో పిల్లి మామూలుగా పెట్టుకోదు. ఒక్కసారి ముక్కు మీద పొడిపించుకుంటే ఆ తర్వాత గోడ మీద కూర్చుని చూస్తుందే తప్ప దిగదు. రెండు నెలల లోపు పిల్లలు మాత్రం దానికి గదిలో దొరికే పిచ్చుకల్లాంటివే. రాణికి ఆపరేషన్ చేయించకపోతే ఇప్పుడే చేయించండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి గోడ మీద కూర్చునేవి ఐదారవుతాయి. గ్లాసులు తోసే విద్య గురించి అడగలేదు గానీ చెప్తాను. తోసి మీ మొహం చూస్తుందన్నారు కదా, మీరు "అయ్యో" అని పరిగెత్తుకు రావడమే దానికి కావలసింది. గ్లాసులు బీరువాలో పెట్టండి, సాయంత్రం పది నిమిషాలు తాడు లాగి ఆడించండి.

ఒక విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా చెప్తాను. కోళ్ళ మేత ఉన్నచోటికి ఎలుకలు వస్తాయి. ఎలుకలు రాగానే ఎవరో ఒకరు మందు పెట్టమంటారు. మీ ఇంట్లో ఎలుకల మందు పెట్టొద్దు. జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లపొడి పిండిలో కలిపి పెడతారు. అది కుక్క తిన్నా, కోడి తిన్నా విరుగుడు లేదు. బ్రోమాడియోలోన్ బిళ్ళలకి కె1 విటమిన్ ఇంజక్షన్లతో వైద్యం ఉంది గానీ, తిన్న రెండు మూడు రోజుల దాకా కుక్క మామూలుగానే ఉంటుంది. చిగుళ్ళ నుంచి రక్తం కనపడేసరికి ఆలస్యమైపోతుంది. మందు తిన్న ఎలుకని రాణి తిన్నా ప్రమాదమే. బంటి లాంటి అన్నీ నోట్లో పెట్టుకునేవాడున్న ఇంట్లో ఈ రిస్కు అనవసరం. మేత మూతున్న ఇనుప డ్రమ్ములో పెట్టండి, సాయంత్రం కింద మిగిలింది ఊడ్చెయ్యండి, ఎలుకలబోను వాడండి. పందికొక్కుల్ని రాణి చూసుకుంటుందని నమ్ముకోవద్దు. పెద్ద పందికొక్కు ఎదురు తిరిగితే పిల్లే వెనక్కి తగ్గుతుంది.

టీకాల సంగతి మీవారి చేత రాయించి గోడకి అంటించండి. కొక్కెర తెగులుకి, అంటే రాణిఖేత్‌కి, వారం రోజుల పిల్లకి లాసోటా చుక్కలు, నెలకి మళ్ళీ అవే, ఎనిమిది వారాలకి ఆర్‌2బి ఇంజక్షన్ వేస్తారు. మధ్యలో రెండో వారం గంబోరో అనే ఇంకో తెగులుకి టీకా ఉంటుంది. కొనేటప్పుడు ఇవన్నీ వేశారా అని అడగండి, ఆర్‌2బి మళ్ళీ ఎప్పుడు వేయించాలో డాక్టరు గారిని అడిగి రాసుకోండి. ఈ తెగులు వచ్చాక మందు లేదు, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అయిపోతుంది. ఇబ్బందేమిటంటే ఆర్‌2బి సీసా నాలుగు కోళ్ళకి దొరకదు. ఒక్క సీసాలో వంద, రెండు వందల కోళ్ళకి సరిపడా మందు ఉంటుంది, కలిపిన రెండు గంటల్లో వాడెయ్యాలి. అందుకని చుట్టుపక్కల ఇళ్ళ కోళ్ళన్నిటికీ ఒకే రోజు వేయించడమే పద్ధతి. మీ పక్కింటావిడ కోళ్ళకీ టీకా కావాలి కదా. బంటి చేసిన దానికి సారీ చెప్పడం మొహమాటంగా ఉంటే, "డాక్టరు గారిని పిలిపిస్తున్నాం, మీ కోళ్ళక్కూడా వేయిద్దామా" అని అడగండి. మాటలు వాటంతటవే వస్తాయి. గోడ మీద మీవైపు కూడా నాలుగడుగులు జాలీ ఎత్తండి, వాళ్ళ పెట్ట మళ్ళీ దూకి రాకుండా.

బర్డ్ ఫ్లూ గురించి కూడా తెలిసి ఉండాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు పక్క వేల్పూరులో, పెరవలి దగ్గర కానూరు అగ్రహారంలో కోళ్ళ ఫారాల్లో ఇది బయటపడింది. ఎక్కడ తేలినా చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళని, పెరటికోళ్ళతో సహా, తీసెయ్యడం ప్రభుత్వ నియమం. ఒక్కసారిగా రెండు మూడు కోళ్ళు చచ్చిపోతే ముట్టుకోకుండా, కాలవలో పారెయ్యకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి. ఈ జబ్బు పిల్లులకీ సోకుతుంది. చికెన్ షాపు నుంచి పచ్చి వేస్టు తెచ్చి రాణికి పెట్టే అలవాటుంటే మానెయ్యండి, ఉడికించి పెట్టండి. బంటికి ఉడికించిన కోడి ఎముకలు వద్దు. అవి సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. కోడిపెంట తినే పాడలవాటు కుక్కలకి మామూలే, అందుకే ఆవరణ తలుపు ఎప్పుడూ మూసి ఉంచాలి. బంటికి నట్టల మందు, రేబిస్ టీకా తప్పకుండా టైముకి వేయించాలి. రాణికి కూడా. గూట్లో చెయ్యి పెట్టినవాళ్ళు సబ్బుతో కడుక్కుని గానీ అన్నం ముందు కూర్చోకూడదు.

పుదీనా, తోటకూర మీద ఆశ ఉంటే వాటి చుట్టూ కంచె కట్టండి. నాలుగు కోళ్ళు ఒక్క మధ్యాహ్నంలో మడి మొత్తం గీకేస్తాయి. ఆకు తినడం కన్నా వేళ్ళ దగ్గర గోతులు తీసి ఒళ్ళంతా మన్ను చల్లుకోవడం వాటికిష్టం. ఒక మూల పొయ్యి బూడిద, ఇసుక కలిపి పోసి ఉంచితే అక్కడ పొర్లుతాయి, పేలు కూడా వదులుతాయి. గూట్లోంచి తీసిన ఊక, పెంట పచ్చిగా మొక్కలకి వేస్తే వేళ్ళు మాడతాయి. రెండు మూడు నెలలు కుప్ప వేసి మగ్గనిచ్చి అప్పుడు కొబ్బరి పాదుల్లో వెయ్యండి.

ఇక అత్తగారి మాట. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. షాపులో కొనే తెల్లగుడ్లు పెట్టే కోళ్ళు పుంజు మొహమే చూసి ఉండవు. పుంజు లేని గుడ్డు పిల్ల అవ్వదు, అంతే తేడా. తెల్లవారుజామున నాలుగింటికి కూసే పుంజుని పక్కింటితో అసలే మాటల్లేనప్పుడు తేకపోవడమే మంచిది. పిల్లల్ని లేపాలని ఆవిడకి ముచ్చటగా ఉంటే దానికీ పుంజు అక్కర్లేదు. నాటుపెట్ట పొదుగుకొచ్చినప్పుడు, పుంజున్న ఇంటి నుంచి ఎనిమిదో పదో గుడ్లు తెచ్చి దాని కింద పెడితే 21 రోజుల్లో పిల్లలవుతాయి. కాకపోతే ఆ మూడు వారాలు, ఆ తర్వాత రెండు నెలలు, బంటి, రాణి ఇద్దరూ ఆ వైపుకి రాకూడదు, పిల్లల తల్లికి గంప గానీ వేరే గూడు గానీ కావాలి. ఆ ముచ్చట రెండో ఏడాదికి ఉంచమనండి. అప్పటికి బంటికి రెండేళ్ళు దాటతాయి, కాస్త నిమ్మళిస్తాడు.